ప్లేటు మీద పిలవని చుట్టాలు

పిన్నికి కోపం ముక్కు మీదే ఉంటుందని ఆమెను ఎరిగిన వాళ్లంతా అంటారు. ఆ పూట మాత్రం అది ముక్కు దిగి, నాలుక చివరికి వచ్చి, కాలు మీద కాలేసుకుని కూర్చుంది.

"మధ్యాహ్నం మూడింటికి ఈవిడని కోర్టుకి తీసుకెళ్తున్నా. ఈలోపు ఏం అడుక్కుంటావో అడుక్కో మరదలా," అన్నాడు ఇన్‌స్పెక్టర్, లాకప్ తాళంచెవిని వేలికి తగిలించి గిరగిరా తిప్పుతూ. "చుట్టరికం కొద్దీ పావుగంట ఇస్తున్నా."

"చుట్టరికం కాదు బావా. ఒప్పుకోకపోతే రాత్రికి కంచం బోర్లించి పెడతానని మా అక్క ఫోన్ చేసింది. అందుకిస్తున్నావు."

గుమ్మం దగ్గర కాపలా ఉన్న కానిస్టేబుల్‌కి నవ్వొచ్చింది. ఇన్‌స్పెక్టర్ అటు తిరిగేసరికి దాన్ని దగ్గుగా మార్చేశాడు.

పిన్ని డిటెక్టివ్. మనిషి గట్టిగా ఐదడుగులు ఉండదు. దొంగల దగ్గర్నుంచి డాక్టర్ల దాకా అందరూ పిన్ని అనే పిలుస్తారు; అసలు పేరుతో పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూడదు. ఇన్‌స్పెక్టర్ ఆమె సొంత అక్క మొగుడు. బావామరదళ్లు ఇద్దరూ ఒకే కేసులో తలదూర్చినప్పుడల్లా ఇంట్లో అక్క తలనొప్పి మాత్రలు వేసుకుంటుంది.

ఈసారి కేసు ఈత మాస్టారి చావు. రాత్రి భోజనానికి ముందు రోజూ వేసుకునే ఇన్సులిన్ సూదే వేసుకున్నాడు. కంచం ముందు కూర్చున్నాడు. గొంతు పట్టుకుని పక్కకి ఒరిగిపోయాడు. ఆస్పత్రి గుమ్మం ఎక్కేలోపే అంతా అయిపోయింది. ఆయన భార్య పిన్ని దగ్గరికి వచ్చి ఏడవలేదు, బల్ల మీద అరచేత్తో కొట్టింది.

"మా ఆయన బతుకంతా నీళ్లలో మునిగి తేలాడు. సూదిమొనకి పోయాడంటే నేనొప్పుకోను పిన్నీ. ఎవడో పోగొట్టాడు. వాడెవడో నాకు కావాలి."

పిన్ని ఆవిడని పోలీసులు అడగని ప్రశ్న ఒకటి అడిగింది. మాస్టారికి ఏదైనా పడదా? పడదు, పెన్సిలిన్ పడదు. కుర్రతనంలో ఒకసారి ఆ సూది పొడిస్తే చావు అంచుదాకా వెళ్లొచ్చాడు. ఈ సంగతి పిన్ని బావకి చెప్పలేదు. అడగని మనిషికి చెప్పడమెందుకు, కాస్త వెతుక్కోనీ అని కడుపులో దాచుకుంది.

బావ తన పని తాను చేసుకుపోయాడు. సీసాలో మిగిలిన మందుని పరీక్షకి పంపితే తెలిసిన విషమేదీ లేదని వచ్చింది. అయితే తెలియని విషం ఉండే ఉంటుందని ఆ మందు తయారైన ఫ్యాక్టరీకి వెళ్లాడు. అక్కడి మేనేజరు నవ్వుతూ ఒక మనిషిని చూపించాడు. ఆ మనిషే ఇప్పుడు లాకప్‌లో గోడకి వీపు ఆనించి, చేతులు కట్టుకుని, ఇద్దరినీ కొరకొరా చూస్తోంది.

ఫ్యాక్టరీలో ఆవిడని గాజుల డాక్టరమ్మ అంటారు. చేతికి ఒక్క గాజు ఉండదు. అయినా ఆ పేరే స్థిరపడింది.

"మీరు కూడా విషం ఎక్కడ కొన్నావనే అడుగుతారా?" అంది గాజుల డాక్టరమ్మ.

"కాదు తల్లీ. ఆ ఫ్యాక్టరీలో మందెలా చేస్తారో నాకర్థమయ్యేట్టు చెప్పు. నేను చదువు ఎగ్గొట్టి గోడలు దూకిన రకం. బ్యాక్టీరియా అంటే పళ్లు తోముకోకపోతే పుట్టేది అనుకుంటా."

డాక్టరమ్మ పెదవి ఒకవైపు కొంచెం కదిలింది.

"మా ఇన్సులిన్‌ని బ్యాక్టీరియాయే చేస్తుంది. దాని సొంత డీఎన్ఏ పెద్ద చిక్కుముడిలా వేరే ఉంటుంది. అది కాక కొన్నిటి ఒంట్లో గుండ్రంగా చిన్న డీఎన్ఏ ముక్క ఉంటుంది. ప్లాస్మిడ్ అంటాం. గాజు అనుకోండి. తొడుక్కోవచ్చు, జార్చుకోవచ్చు, పక్కదానికి ఇవ్వచ్చు. మేం ఆ గాజుని ఎంజైముతో ఒకచోట తెంపి, సందులో మనిషి ఇన్సులిన్ జన్యువు పెట్టి, మళ్లీ అతికిస్తాం. ఆ గాజు తొడుక్కున్న బ్యాక్టీరియా అందులో ఏం రాసుంటే అది చేసి పెడుతుంది. ఎవరికోసం చేస్తోందో దానికి తెలీదు."

"నెల జీతం లేని నౌకరు."

"అంతే. కాకపోతే గాజు ఇచ్చినంత మాత్రాన అన్నీ తొడుక్కోవు. వేలల్లో ఒకటి తొడుక్కుంటే గొప్ప. తొడుక్కున్నదాన్ని కనిపెట్టడానికి గాజులో ఇంకో జన్యువు కూడా పెడతాం, ఒక యాంటీబయాటిక్‌ని తట్టుకునేది. ఆ యాంటీబయాటిక్ కలిపిన జెల్లీ ప్లేటు మీద పోశామా, గాజు లేనివన్నీ చస్తాయి. ఉన్నవి బతుకుతాయి."

"గుమ్మంలో టికెట్లు చూసేవాడన్నమాట."

"మా పాత గాజుకి టికెట్ ఆంపిసిలిన్. పెన్సిలిన్‌కి చెల్లెలు వరస." డాక్టరమ్మ జాకెట్ చెయ్యి పైకి లాగింది. మోచేతి నుంచి పైదాకా పాత మచ్చలు. "ఆ పొడి తూకం వేస్తుంటే వచ్చాయివి. ఒళ్లంతా దద్దుర్లు, గొంతు పూడుకుపోయింది. ఆస్పత్రి నుంచి లేచొచ్చి మేనేజర్‌ని అడిగాను. పొడి తగిలితేనే నాకిలా అయింది, దీని నలుసు మందులో మిగిలితే పడనివాడి గతేంటని. కడుగుతాం కదా, చాలావరకు పోతుంది అన్నాడు. చాలావరకట! మనిషి చాలావరకు బతుకుతాడా? ఏడాదిపాటు కొట్లాడి గాజు మార్చాను. ఆంపిసిలిన్ ముక్క పీకేసి కనామైసిన్ ముక్క పెట్టాను. అది వేరే జాతి. కొత్త గాజు తొడిగిన బ్యాక్టీరియాని, మా భాషలో విత్తనం, చిన్న చిన్న సీసాల్లో పోసి గడ్డకట్టించి దాచాం. దానికి బహుమానంగా మేనేజరు నన్ను పరిశోధన లోంచి తీసేసి ఫ్రీజర్ గదికి కాపలా వేశాడు."

"అదీ పగ!" అన్నాడు ఇన్‌స్పెక్టర్ వెనక నుంచి. "ఆ పగతోనే ఫ్రీజర్ అలారం కట్టేసింది. ఫ్రీజర్ ఆగిపోయింది. విత్తనం కుళ్లింది. కుళ్లిన విత్తనంతో మందు చేస్తే విషం కాక పాయసం అవుతుందా? అలారం కట్టేసింది ఈవిడ కార్డుతోనే."

"నా కార్డు రోజూ మేనేజరు బల్ల మీద పెట్టి ఇంటికెళ్లాలి. అది ఆయన పెట్టిన రూలే!" డాక్టరమ్మ గోడ వదిలి ఊచల దగ్గరికి వచ్చింది. "నూటొక్కసారి చెప్పాను మీకు. చచ్చిన విత్తనంతో మందు రాదు. విషమూ రాదు. ఏమీ రాదు! పైగా నాకూ షుగరుంది. ఆ మందే నేనూ పొడుచుకుంటా. నా నోట్లో నేనే మట్టి కొట్టుకుంటానా?"

పిన్ని చెవులు నిక్కించింది. "ఆగు. విత్తనం చచ్చిపోయింది. కానీ మందు తయారై బయటికొచ్చింది. మరి దేంతో చేశారు?"

"అదే నేను అడిగాను. ఒక్క సీసా బతికి బయటపడింది, దాంతో చేశాం అన్నాడు. చూపించమన్నాను. మర్నాడు పోలీసులొచ్చారు."

ఇన్‌స్పెక్టర్ తాళంచెవి తిప్పడం ఆపాడు. ఒక్క క్షణమే. మళ్లీ తిప్పాడు.

పిన్ని ఊచలకి దగ్గరగా వంగి గొంతు తగ్గించింది. "ప్లేటు మీద కాగితం ఊడదీసి నా చేతికిస్తే, అది నీ కనామైసినో పాత ఆంపిసిలినో నేను పోల్చుకోగలనా?"

"పోల్చుకోవచ్చు. బ్యాక్టీరియా ప్లేటు మీద తెల్లటి చుక్కలుగా పెరుగుతుంది. కనామైసిన్ ప్లేటు శుభ్రంగా ఉంటుంది. చుక్కకీ చుక్కకీ మధ్య ఖాళీ. ఆంపిసిలిన్ అలా కాదు. గాజున్న బ్యాక్టీరియా తన చుట్టుపక్కల ఉన్న ఆంపిసిలిన్‌ని కూడా విరగ్గొట్టేస్తుంది. దాంతో పెద్దచుక్క చుట్టూ విషం లేని నేల తయారవుతుంది. గాజు లేని దరిద్రాలన్నీ అక్కడ చేరతాయి. ఒక రాత్రికి కనబడవు. ఇంకో రోజు వెచ్చగా ఉంచితే పెద్దదాని చుట్టూ చిన్న చిన్న చుక్కలు తేలతాయి."

"డబ్బున్నవాడి పెళ్లి భోజనంలో పిలవని చుట్టాల్లాగా."

"అచ్చం అలాగే. ఎందుకడుగుతున్నారు? మాస్టారు ఎలా పోయాడో మీకేమైనా తెలుసా?"

పిన్ని నోరు తెరిచింది. పక్కనే బావ మెడ చాచి వింటున్నాడు. ఇప్పుడు పెన్సిలిన్ సంగతి చెబితే, సాయంత్రానికి అది తనే కనిపెట్టానని పత్రికల వాళ్లకి చెప్పుకుంటాడు. పోయినసారి అదే చేశాడు.

"ఊరికే అడిగాలే. మూడింటిలోపు వస్తా, ధైర్యంగా ఉండు," అని నోరు మూసేసింది.

*

జీపులో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"నువ్వెందుకు వస్తున్నావు బావా? నీ కేసు అయిపోయిందిగా."

"నువ్వు అక్కడ ఏ పెంట చేస్తావోనని. ఆ మేనేజరు పెద్దమనిషి. పోలీసులకి అడిగిందల్లా చేసి పెడుతున్నాడు. పొద్దున్న కూడా..." అంటూ ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. "నీకెందుకులే. నువ్వు నాకన్నీ చెబుతున్నావా?"

"నువ్వడిగితే చెబుతా."

"నేనడగను. నేను పోలీసుని."

"అదే నీ రోగం."

ఫ్యాక్టరీలో మేనేజరు ఎదురొచ్చాడు. పొడుగ్గా, నున్నగా గీసిన గడ్డంతో, ఇస్త్రీ మడత నలగని తెల్లకోటులో ఉన్నాడు. మాట మాటకీ ముప్పై రెండు పళ్లూ బయటపెట్టి నవ్వుతాడు. పనివాళ్లు చాటుగా ఆయన్ని పళ్లపొడి అంటారని పిన్నికి గేటు కాపలావాడు చెప్పనే చెప్పాడు.

"రండి మేడమ్, రండి. మా దగ్గర దాపరికం ఏముంది!"

పిన్ని ముందు ఫ్రీజర్ గది చూసింది. నిలువెత్తు పెట్టె. దాని నెత్తిన అలారం దీపం. పక్క గోడకి, అలారం ఆపడానికి కార్డు తగిలించే డబ్బా. ఆ గోడకి అవతల వైపే మేనేజరు గది. తలుపు తీసి బల్ల చూసింది. బల్ల మీద పింగాణీ పళ్లెంలో పనివాళ్ల కార్డులు, ఎవరు కావాలంటే వాళ్లు తీసుకునేట్టు కుప్పగా పోసి ఉన్నాయి.

"ఈ అలారం మోగితే మీ గదిలోకి వినిపిస్తుందా?"

"బ్రహ్మాండంగా. ఆ మధ్య బయటి నుంచి పెద్ద కొనుగోలుదార్లు వచ్చిన రోజునైతే చెవులు చిల్లులు..." పళ్లు ఒక్కసారి లోపలికి వెళ్లాయి. "అంటే, అంతకుముందు ఎప్పుడో."

"కొనుగోలుదార్ల ముందు అలారం మోగితే పరువు పోతుంది కదూ. ఆ రోజే ఎవరో కట్టేశారన్నమాట."

"ఎవరో కాదు మేడమ్. కార్డు చెబుతోందిగా."

"కార్డుకి నోరుంటే నేను మిమ్మల్ని ఎందుకు అడుగుతాను?" అంది పిన్ని. "సరే, బతికి బయటపడ్డ ఆ ఒక్క సీసా విత్తనం చూపించండి."

ప్లేట్లు పెంచే గది పక్కనే. వెచ్చటి పెట్టె తలుపు తెరవగానే మురిగిన కూర వాసన లాంటిది గుప్పుమంది. ఇన్‌స్పెక్టర్ చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. పిన్ని తల లోపలికి పెట్టింది.

మేనేజరు ఒక ప్లాస్టిక్ ప్లేటుని రెండు వేళ్లతో, పెళ్లికూతుర్ని తీసుకొచ్చినంత మురిపెంగా బయటికి తెచ్చాడు. అరచేయంత గుండ్రటి ప్లేటు. లోపల పల్చటి జెల్లీ. దాని మీద తెల్లటి చుక్కలు, లావుగా, నిగనిగలాడుతూ. అంచున కాగితం అంటించి కనామైసిన్ అని చక్కటి అక్షరాలతో రాసి ఉంది.

"ఇదే సాక్ష్యం. మా విత్తనం కనామైసిన్ మీద ఎలా పెరిగిందో చూడండి. విత్తనం మంచిది. మందూ మంచిదే. తర్వాత ఎవరో చెయ్యి పెట్టారు, ఆ ఎవరో మీ దగ్గరే ఉంది. ఇన్‌స్పెక్టర్ గారు దీనికి ఫోటోలు కూడా తీయించారు."

"తీయించా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ గొప్పగా. "మొదట చుక్కలు మరీ సన్నగా ఉన్నాయి, ఫోటోలో పడట్లేదన్నాను. పాపం, ఇంకో రోజు పెట్టెలోనే ఉంచి లావు చేసి చూపించారు."

పిన్నికి లోపల ఏదో భగ్గుమంది. ప్లేటుని కిటికీ వెలుగులోకి తిప్పింది. ప్రతి లావుచుక్క చుట్టూ, ముల్లు గుచ్చినంత సన్నటి చుక్కలు. మధ్యన ఒక పెద్దచుక్క చుట్టూ అయితే పంక్తి వేసి కూర్చున్నట్టే ఉన్నాయి. పిలవని చుట్టాలు. ఒకడు కూడా తగ్గకుండా దిగారు.

బావ ఫోటో సరదాకోసం ఇంకో రోజు ఆగబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఈ చుక్కలు బయటపడేవే కావు. ఆ మాట మాత్రం బావకి చచ్చినా చెప్పకూడదనుకుంది.

"ఈ చిన్నవేంటండీ?"

"అవా? పిల్లలు మేడమ్. పెద్దవి పిల్లల్ని పెట్టాయి." పళ్లు మళ్లీ బయటికొచ్చాయి. ఏమీ చదువుకోని ఆడమనిషికి ఈ మాట చాలనుకున్నాడు కాబోలు.

"ముద్దుగా ఉన్నాయి. ఇదే విత్తనాన్ని ఆంపిసిలిన్ ప్లేటు మీద పోస్తే?"

"ఒక్కటీ బతకదు. మా గాజులో దాన్ని తట్టుకునే జన్యువు లేదు."

"ఈ ప్లేటులో ఆంపిసిలిన్ లేదంటారు."

"చుక్క కూడా లేదు. అసలు ఈ అంతస్తులోనే ఉండదు. నిషేధించేశాం."

"హమ్మయ్య." పిన్ని గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఎందుకంటే సార్, నాకు పెన్సిలిన్ జాతి అసలు పడదు. నలుసు తగిలిందా, గొంతు పూడుకుపోయి ఉన్నచోటే బొక్కబోర్లా పడతాను."

"నీకెప్పు..." అంటూ ఇన్‌స్పెక్టర్ నోరు తెరిచాడు. పోయిన నెల ఆమె పన్ను వాస్తే ఆ జాతి మాత్రలే తెచ్చిపెట్టింది ఆయన. పిన్ని మడమతో ఆయన బూటు మీద ఒక్క తొక్కు తొక్కింది. మిగతా మాట గుటక పడింది.

పిన్ని ప్లేటు మూత తీసింది. చూపుడువేలిని జెల్లీలో అంచున గుచ్చి, అరుగు మీద కూర్చుని తేనె నాకే పిల్లలాగా వేలిని తిన్నగా నోటిదాకా తెచ్చింది.

"వద్దూ!"

మేనేజరు ఎగిరి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. మొహంలో రక్తం లేదు. "పెన్సిలిన్ పడదన్నావు కదా! చస్తావు!"



పిన్ని వేలిని నెమ్మదిగా ఆయన తెల్లకోటుకే తుడిచింది. "బ్యాక్టీరియా నాకకూడదు మేడమ్, కడుపు చెడుతుంది అని ఉంటే ఒప్పుకునేదాన్ని. నీకు ఆ మాట రాలేదు. పెన్సిలిన్ మాటే వచ్చింది. కనామైసిన్ ప్లేటు నాకితే పెన్సిలిన్ పడనిదాన్ని నేనెందుకు చస్తానురా?"

మీరు అన్న పిలుపు ఎప్పుడు నువ్వైందో, నువ్వు ఎప్పుడు రా అయిందో అక్కడ ఎవరూ గమనించలేదు.

"నేను... కంగారులో..."

"నా మీద ప్రేమతో అరవలేదు నువ్వు. నీ గదిలో, పోలీసు కళ్ల ముందు, ఈత మాస్టారు పడ్డట్టే నేనూ పడితే ఈ ప్లేటు పరీక్షకి పోతుందని అరిచావు. ఆయనకీ పెన్సిలిన్ పడదు. బావా, మూత వేసి జాగ్రత్తగా పట్టుకో. అది కింద పడితే నీ ఉద్యోగం కూడా పడుతుంది."

ఇన్‌స్పెక్టర్ ప్లేటు అందుకున్నాడు. మూతని బొటనవేళ్లతో నొక్కిపట్టాడు. "మాస్టారికి పెన్సిలిన్ పడదని నీకెప్పుడు తెలుసు?"

"మొన్న. ఆయన భార్యని అడిగా. నువ్వు అడగలేదు."

"చెప్పి చావచ్చుగా!"

"అడిగి చావచ్చుగా!"

కాసేపు ఇద్దరూ మేనేజర్ని మరిచిపోయి ఒకరినొకరు కొట్టేసేలా చూసుకున్నారు. తర్వాత ఆ కోపమంతా కలిపి ఆయన వైపు తిప్పారు. తెల్లకోటు మనిషి స్టూలు మీద కూలబడ్డాడు.

"చెప్పరా," అంది పిన్ని. "అలారం నువ్వే కట్టేశావు. ఆవిడ కార్డుతో."

"ఫ్రీజర్ వేడెక్కిందని మోగుతూనే ఉంది. గంటసేపటికే అనుకున్నాను. కొనుగోలుదార్లు వెళ్లగానే మళ్లీ పెడదామనుకున్నాను. మర్చిపోయాను." నేల చూస్తూ అన్నాడు మేనేజరు. "మర్నాటికి సీసాలన్నీ కరిగిపోయాయి. ఒక్కటీ మొలకెత్తలేదు. సరుకు ఇస్తానని మాటిచ్చాను. నా సొంత ఫ్రీజర్‌లో పాత విత్తనం ఉంది, పాత గాజుది. అందులో కూడా అదే ఇన్సులిన్ జన్యువు. వచ్చే మందు ఒకటే. ఆంపిసిలిన్ పోసి పెంచాను. కడిగితే పోతుంది."

"పోయిందా?"

"ఆఖరి కడుగుడుకి టైము లేదు."

పిన్ని ఆయన కాలరు పట్టుకుని లేపింది. ఐదడుగుల మనిషి ఆరడుగుల మనిషిని ఎలా లేపిందో తర్వాత ఇన్‌స్పెక్టర్‌కి కూడా చెప్పడం చేతకాలేదు. "టైము లేదా! ఆయనకి రాత్రి అన్నం తినే టైము లేకుండా చేశావు కదరా! గాజు మార్చిందాన్ని గదికి కాపలా వేశావు. మార్చిన గాజుని కరగబెట్టావు. మనిషి పోయాక, ఆ చావు గాజు మార్చినదాని మీదే వేసి జైలుకి పంపావు! ఒక ముద్దకూడా సయించిందా నీకు ఇన్నాళ్లూ?"

"వదులు మరదలా, ఊపిరాడక చస్తాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. సంకెళ్లు తీసి తనే వేశాడు, ఒక మెట్టు ఎక్కువే బిగించాడు. "కోర్టుకి ఆవిడ వెళ్లదు. వీడు వెళ్తాడు. అదిగో, ఆ మందు పెట్టెలన్నీ సీలు వేయించాలి. ఎక్కడున్నాయి?"

"కింద గోడౌన్‌లో. మాస్టారు పోయిన మర్నాడే అన్నీ వెనక్కి తెప్పించాను," అన్నాడు మేనేజరు. "మంచి పేరు కోసం."

"అన్నీ?" అంది పిన్ని.

మేనేజరు తలెత్తి ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. ఇందాకట్నుంచి మూతపడ్డ ఆ పళ్లు, ఒకటొకటిగా, మళ్లీ బయటికొచ్చాయి.

"ఒక్క సీసా తప్ప. ఇన్‌స్పెక్టర్ గారు స్వయంగా అడిగితే కాదనలేం కదా."

పిన్ని బావ వైపు తిరిగింది. ఆయన మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది.

"ఏ సీసా బావా?"

"పొద్దున్న... ఆవిడకి షుగరుంది కదా, లాకప్‌లో సూది లేకపోతే పడిపోతుందని... ఖైదీకి మందివ్వడం నా డ్యూటీ మరదలా! వీడికి ఫోన్ చేశాను. పాత సరుకులోది, మంచిది అని కాగితం లేని సీసా పంపాడు. మధ్యాహ్నం భోజనానికి ముందు ఇవ్వమని కానిస్టేబుల్‌కి ఇచ్చొచ్చాను. జీపులో నీకు చెబుదామనుకున్నా..."

"ఆ ప్లేటు చూసి చదవగలిగేది ఇద్దరే," అన్నాడు మేనేజరు, ఎవరూ అడక్కుండానే. "నేను. ఆవిడ."

పిన్నికి డాక్టరమ్మ చేతిమచ్చలు కళ్ల ముందు మెదిలాయి. ఊచల దగ్గర ఆవిడ అడిగిన ప్రశ్న చెవిలో గింగురుమంది. మాస్టారు ఎలా పోయాడో మీకేమైనా తెలుసా? పెన్సిలిన్ అన్న ఒక్క మాట ఆ పూట నోటి నుంచి రాలి ఉంటే, ఆ డాక్టరమ్మ ఈ ఫ్యాక్టరీ సీసాని గోడకేసి కొట్టి ఉండేది. సొంత పనితనం మీద నమ్మకంతో ఇప్పుడు కళ్లు మూసుకుని పొడుచుకుంటుంది. బావ మీద పంతానికి తనే ఆ మాట మింగేసింది.

"ఫోన్ చెయ్యి!" అని అరిచింది. అరిచి, ఆయన జేబులోంచి తీసేలోపే ఫోన్ తనే లాక్కుని నొక్కింది.

ఒకసారి మోగింది. రెండోసారి మోగింది. ఇన్‌స్పెక్టర్ అప్పటికే మేనేజర్ని మెడ పట్టుకుని మెట్ల మీదికి ఈడుస్తూ, అంబులెన్స్ అని కింద ఉన్న డ్రైవరుకి కేకలు పెడుతున్నాడు.

అవతల ఫోన్ ఎత్తారు. కానిస్టేబుల్ గొంతు, నోటినిండా అన్నంతో.

"హలో, ఎవరూ? పిన్నీ! మీ డాక్టరమ్మకేం, బానే ఉంది. ఇందాకే సూది పొడుచుకుంది, కంచం కూడా పెట్టేశాం. కాకపోతే ఒళ్లంతా ఒకటే గోక్కుంటోంది. దోమలేమోనని ఫ్యాన్ వేశా."